బాలింత ప్రయాణం ఎవరి బాధ్యత?

కొంతకాలం క్రితం హైదరాబాదులో మేం పెట్టుకున్న ఒక సమావేశానికి శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక కార్యకర్త వచ్చింది. ఒళ్ళో 40 రోజుల పాప. గృహహింస కేసుల్లో ఆమె పనిచేసిన అనుభవాలు అందరికీ చెప్పాలని మేమే రమ్మన్నాం. రెండు రోజుల సమావేశం. పాపను అందరం తలా కాసేపు ఎత్తుకున్నాం. "చూడండి, 40 రోజుల పిల్లతో వచ్చేసింది, ఎంత పట్టుదల!" అని మైకులో మెచ్చుకున్నాం. చప్పట్లు కొట్టాం.

రెండోరోజు సాయంత్రం టీ తాగుతున్నప్పుడు, ఎలా వచ్చావని ఎవరో అడిగారు. అప్పుడు చెప్పింది. 700 కిలోమీటర్ల పైచిలుకు దారి. రైలు టికెట్టు దొరకలేదు. రాత్రి బస్సు ఎక్కింది. దారిలో బస్సు ఆపినచోట్ల దిగలేదు. దిగితే పాపను ఎవరి చేతిలో పెట్టాలి? పాపతో సహా ఆ మరుగుదొడ్లోకి ఎలా వెళ్ళాలి? అందుకని ముందురోజు మధ్యాహ్నం నుంచే మంచినీళ్ళు తాగడం తగ్గించేసింది. కుట్లు ఇంకా లాగుతున్నాయి. పాలివ్వాల్సి వచ్చినప్పుడల్లా కిటికీ వైపు తిరిగి కొంగు కప్పుకుని, పక్క సీటాయన ఎప్పుడు నిద్రపోతాడా అని చూసింది. "ఏటి చేస్తాం అక్కా, రాలేనంటే ఇంకోసారి పిలవరేమోనని భయమేసింది" అంది.

ముందురోజు మేం కొట్టిన చప్పట్లు గుర్తొచ్చి అందరికీ సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

నిందా, సలహా

పసికందును తీసుకుని దూరప్రయాణం చేసిన ఆడమనిషికి మన సమాజంలో రెండే రకాల మాటలు వినిపిస్తాయి. ఒకటి నింద. "పచ్చి బాలింతవి, నిన్నెవరు బయల్దేరమన్నారు? బిడ్డకేమన్నా అయితే?" రెండోది సలహా. రెండు గంటలకోసారి బండి ఆపండి, బిడ్డకు గాలి తగలనివ్వకండి, గుడ్డలు ఎక్కువ పెట్టుకోండి, డాక్టరుకు చూపించి బయల్దేరండి.

ఈ సలహాలు తప్పని కాదు. కానీ అవి ఎవరికోసం? సొంత కారు, ఆపమన్నచోట ఆపే డ్రైవరు, పక్కన సాయానికి మనిషి, అన్నిటికంటే ముందు వెళ్ళాలా వద్దా అని తానే నిర్ణయించుకోగల వీలు ఉన్న స్త్రీకోసం. మనం పనిచేసే ఊళ్ళల్లో, బస్తీల్లో ఇవన్నీ ఉన్న బాలింత ఎంతమందిలో ఒకరు?

పైకి వేరుగా కనిపించినా నిందకీ సలహాకీ మూలం ఒకటే. రెండూ ఆ ప్రయాణాన్ని తల్లి సొంత వ్యవహారంగా చూస్తాయి. మంచి జరిగితే ఆమె జాగ్రత్త, చెడు జరిగితే ఆమె నిర్లక్ష్యం. ఆమెను ఆ దారిన పెట్టినవాళ్ళెవరన్న ప్రశ్న మాత్రం రాదు. నిజానికి పసిబిడ్డతో దూరప్రయాణం చేసే స్త్రీలలో ఎక్కువమంది కావాలని బయల్దేరినవాళ్ళు కారు. కుటుంబమో, యజమానో, ఆస్పత్రో, కొన్నిసార్లు మనలాంటి సంస్థలో వాళ్ళను బయల్దేరదీస్తున్నాయి. కాబట్టి ఆ ప్రయాణానికి బాధ్యత కూడా అక్కడే ఉండాలి.

ఒళ్ళు ఏమడుగుతుంది?

బాలింతను కొన్నాళ్ళు గడప దాటనివ్వని మన పెద్దల పద్ధతిలో మైల అనే అన్యాయం ఉంది. అంటరాదనడం, చీకటి గదిలో ఉంచడం, మంచినీళ్ళు ఇవ్వకపోవడం, వీటిని మనం ప్రశ్నించాం, ప్రశ్నించాలి కూడా. కానీ ఆ పద్ధతిలోనే విశ్రాంతి అనే న్యాయం కూడా ఒకటి దాగి ఉంది. మైలను తీసిపారేసే తొందరలో విశ్రాంతిని కూడా పారేసుకున్నామేమో ఆలోచించాలి.

ఎందుకంటే వైద్యం కూడా ఆ విశ్రాంతినే అడుగుతోంది. ప్రసవమయ్యాక ఆరు వారాల వరకు ఆడవాళ్ళలో రక్తం గడ్డకట్టే గుణం మామూలుకంటే ఎక్కువగా ఉంటుంది. సిజేరియన్ అయితే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. అటువంటప్పుడు కాళ్ళు కదపడానికి వీల్లేని సీట్లో గంటల తరబడి కూర్చుంటే కాలి సిరల్లో గడ్డలు ఏర్పడి, అవి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. ఇక బిడ్డ సంగతి. పుట్టినప్పటి నుంచి 28 రోజుల వరకు నవజాత శిశువు అంటారు. ఆ వయసులో ఒంటి వేడిని నిలుపుకునే శక్తి తక్కువ. మెడ నిలవదు. తల బరువుగా ఉంటుంది కాబట్టి కూర్చున్న భంగిమలో ఎక్కువసేపు ఉంచితే గడ్డం ఛాతీ మీదికి వాలి ఊపిరి అడ్డుపడుతుంది. రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు కావాలి. అంటే 14 గంటల బస్సు ప్రయాణంలో కనీసం ఐదారుసార్లు తల్లి పాలివ్వాలి.

ఇంకో విషయం మనలో చాలామందికి తట్టదు. ప్రయాణం వైద్యపు గొలుసును తెంచేస్తుంది. ఆస్పత్రిలో కాన్పు అయిన బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు వెళ్ళి చూడాలి. ఆరు వారాలకు, పది వారాలకు, పద్నాలుగు వారాలకు టీకాలున్నాయి. తల్లీ బిడ్డా పదో రోజున ఊరు మారిపోతే ఆ ఆశా కార్యకర్త జాబితాలో వాళ్ళ ఇల్లు తాళం వేసి ఉంటుంది. వెళ్ళిన చోట ఇంకా వాళ్ళ పేరే ఎక్కదు. బిడ్డ పసుపుపచ్చగా మారినా, బొడ్డు చీము పట్టినా, తల్లికి జ్వరం వచ్చినా, చూసి చెప్పే మనిషి ఉండదు.

బయల్దేరదీసేది ఎవరు?

మొదట కుటుంబం సంగతి. తొలికాన్పు పుట్టింట్లో అన్నది మనకు అలవాటైన ఆచారం. మూడో నెలలోనో ఐదో నెలలోనో సారెతో అత్తింటికి పంపేవారు. ఆ మూడు నెలలూ ఆమెకు కాస్త ఊపిరి. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో ఆ గడువు కుదించుకుపోతోంది. అల్లుడికి వంట ఇబ్బందిగా ఉందనో, అత్తగారికి ఒంట్లో బాగాలేదనో, మనవణ్ణి చూడాలనో, నెలైనా తిరక్కుండా కబురొస్తుంది. పంచాంగం చూసి రోజు పెడతారు. మంచిరోజు చూసేటప్పుడు వర్జ్యం చూస్తారు, దుర్ముహూర్తం చూస్తారు. కుట్లు మానాయా అని మాత్రం అడగరు. ఆడపిల్ల పుట్టినచోట ఇంకో బాధ. పంపడానికి పుట్టింటివాళ్ళు తొందరపడతారు, తీసుకెళ్ళడానికి అత్తింటివాళ్ళు రారు. అప్పుడు ఆ తల్లి తమ్ముణ్ణో తండ్రినో తోడు తీసుకుని తానే బిడ్డనెత్తుకుని వెళ్ళి గుమ్మంలో నిలబడాలి. మన కౌన్సెలింగ్ కేంద్రాలకు వచ్చే కేసుల్లో ఈ ప్రయాణం గురించి ఎంతమంది చెప్పలేదు?

రెండోది యజమాని. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. తర్వాత వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా దాన్ని అలాగే ఉంచింది. మంచిదే. కానీ ఆ 26 వారాలు దక్కేది జీతం చీటీ ఉన్న కొద్దిమందికి. ఇళ్ళల్లో పాచిపని చేసే ఆమెకు, బట్టల దుకాణంలో నిలబడే పిల్లకు, కూలికి వెళ్ళే ఆమెకు సెలవు అన్నమాటే లేదు. ఆహార భద్రతా చట్టం 2013లోనే ప్రతి గర్భిణికీ 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలంది. కేంద్రం పెట్టిన మాతృవందన పథకం మొదటి కాన్పుకు 5,000 రూపాయలిస్తుంది. ఆ డబ్బుతో ఎన్నాళ్ళు ఇంట్లో కూర్చోగలదు? పని పోతుందన్న భయంతో పుట్టింటి నుంచి పట్నానికి బస్సెక్కుతుంది.

మూడోది వలస. పాలమూరు నుంచి తరతరాలుగా తట్టా పారా పట్టుకుని వెళ్ళిన స్త్రీలు మనకు తెలుసు. ఒడిశా నుంచి మన ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాలూ తెలుసు. బట్టీ పని వానలకు ముందు ముగుస్తుంది. కాన్పు ఎప్పుడైనా కావొచ్చు. బట్టీ దగ్గర కాన్పు అయి వారం తిరగకముందే సీజను ముగిస్తే, బిడ్డతో సహా అందరితోపాటు ఆమె కూడా వాహనం ఎక్కాల్సిందే. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం రానూ పోనూ దారిఖర్చులు ఇవ్వాలనీ, ప్రయాణంలో గడిచిన రోజులకు కూలి కూడా లెక్కకట్టాలనీ చెప్పింది. దాని స్థానంలో వచ్చిన వృత్తి భద్రతా కోడ్, ఏడాదికోసారి ఊరికి వెళ్ళిరావడానికి ఛార్జీలు ఇవ్వాలంటుంది. బాలింత ఎలా వెళ్ళాలన్నది అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఈ సత్యాన్ని దేశమంతా చూసింది. ఆ ఏడాది మే నెలలో హైదరాబాదు నుంచి ఛత్తీస్‌గఢ్‌కు నడిచి వెళ్తున్న ఒక నిండుచూలాలు మెదక్ జిల్లాలో జాతీయ రహదారి పక్కన ప్రసవించింది. అదే నెలలో నాసిక్ నుంచి మధ్యప్రదేశ్‌లోని సత్నాకు నడుస్తూ దారిలో కన్న ఒక తల్లి, గంటో రెండు గంటలో కూర్చుని, బిడ్డనెత్తుకుని ఇంకో 150 కిలోమీటర్ల దాకా నడిచిందని పత్రికలు రాశాయి. అందరూ ఆమె ధైర్యాన్ని కొనియాడారు. ధైర్యం అనే మాట అక్కడ ఎంత అన్యాయమైనదో! ఆమెకు కావలసింది ఒక బస్సు, నాలుగు రోజుల తిండి, పడుకోవడానికి చోటు. అవి ఇవ్వలేనివాళ్ళం ధైర్యవంతురాలని బిరుదిచ్చాం.

నాలుగోది ఆస్పత్రి. బిడ్డకు ఊపిరి సరిగా ఆడటంలేదని చిన్న ఊరి నుంచి జిల్లా కేంద్రానికో హైదరాబాదు, విశాఖలకో పంపుతారు. బిడ్డ ముందు అంబులెన్సులో పోతుంది. కాన్పు అయిన మర్నాడే తల్లి వెనక ఆటోలోనో బస్సులోనో పాలకోసం పరిగెత్తుతుంది. అక్కడ బిడ్డకు మంచం ఉంటుంది. తల్లికి వరండా ఉంటుంది.

చట్టం ఎక్కడ ఆగిపోతుంది?

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనడంలేదు. 2011 జూన్‌లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో కాన్పు అయిన తల్లినీ బిడ్డనూ ఉచితంగా ఇంటికి దింపాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ 102 వాహనాలు ఆ పని చేస్తున్నాయి. ఇది స్త్రీలు వాడుకుంటున్న హక్కు, గొప్ప హక్కు. కానీ ఆ బండి ఆస్పత్రి నుంచి ఇంటివరకే. రెండు వందల మైళ్ళ అవతల ఇల్లున్న వలస కూలీ దాని లెక్కలోకి రాదు. నెల తర్వాత అత్తింటికి పోయే బాలింతా రాదు.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఆడవాళ్ళు ఇంట్లోంచి కదలడానికి ఇది ఎంత పనికొచ్చిందో మనం కళ్ళారా చూస్తున్నాం. దీన్ని ఎగతాళి చేసేవాళ్ళతో మనం గట్టిగా వాదించాలి. అయితే ఉచితం ఉన్నవి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ల వంటి సర్వీసులే. దూరం పోయే సౌకర్యమైన బస్సులకు టికెట్టు కొనాలి. డబ్బులేని బాలింత రెండు మూడు చోట్ల బస్సు మారి, కిక్కిరిసిన జనంలో బిడ్డ తలకు చెయ్యి అడ్డం పెట్టుకుని వెళ్తుంది. టికెట్టు ఉచితమైంది గానీ సీటుకు హామీ లేదు.

2021 చివర్లో తెలంగాణలో ఆర్టీసీ బస్సుల్లో ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. వాళ్ళకు జీవితాంతం ఉచిత ప్రయాణం ఇస్తామని సంస్థ ప్రకటించింది. ఆ పిల్లలను చూసి అందరం సంతోషించాం. కానీ నొప్పులు పడుతూ ఒక స్త్రీ బస్సెక్కాల్సి రావడం ఎలాంటి పరిస్థితి అన్న ప్రశ్న ఆ సంతోషంలో కొట్టుకుపోయింది.

మోటారు వాహనాల నిబంధనలు చూద్దాం. ద్విచక్ర వాహనం మీద పిల్లలను తీసుకెళ్ళేటప్పుడు బెల్టు కట్టాలి, హెల్మెట్ పెట్టాలి, 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు అని 2022లో కేంద్రం నియమం తెచ్చింది. ఏడాది తర్వాత అమల్లోకి వచ్చింది. కానీ అది 9 నెలల నుంచి 4 ఏళ్ళ వయసు పిల్లలకు. తొమ్మిది నెలల లోపు పసికందు ఆ నియమంలో లేదు. మన రోడ్ల మీద మాత్రం పొత్తిళ్ళలో బిడ్డను పెట్టుకుని ఒక పక్కకు తిరిగి కూర్చున్న తల్లులు రోజూ కనిపిస్తారు. సరదాకు కాదు, ఆ ఊరికి వేరే బండి లేక.

పాలిచ్చే చోటు విషయం కాస్త ముందుకు కదిలింది. తమిళనాడు 2015లో బస్టాండుల్లో పాలిచ్చే గదులు ఏర్పాటు చేసింది. 2024లో కేంద్రం అన్ని రాష్ట్రాలకూ ఈ విషయమై లేఖ రాసింది. 2025 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు, ఉన్న బహిరంగ భవనాల్లో వీలైనంతవరకు వీటిని ఏర్పాటు చేయాలనీ, కొత్తగా కట్టేవాటిలో ముందే చోటు కేటాయించాలనీ రాష్ట్రాలు చూసుకోవాలంది. బహిరంగంగా పాలివ్వడాన్ని తప్పుగా చూడకూడదని కూడా చెప్పింది. ఈ రెండో మాట మనకు ముఖ్యం. గది ఉంది కాబట్టి పాలివ్వాలంటే గదిలోకే పో అనే రోజు రాకూడదు. గది ఆమెకు సౌకర్యం కావాలి గానీ ఆమెను దాచిపెట్టే మూల కాకూడదు. కదిలే బస్సులో గది ఎక్కడినుంచి వస్తుంది? అక్కడ మారాల్సింది పక్క సీటాయన చూపు.

1961 చట్టం, బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పనివేళల్లో తల్లికి పాలివ్వడానికి రెండు విరామాలు ఇవ్వాలంది. కొత్త కోడ్‌లోనూ ఆ మాట ఉంది. ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు గుర్తించిన తల్లి అవసరాన్ని బస్సులో ఉన్నప్పుడు ఎందుకు గుర్తించం? ఎనిమిది గంటల పైన నడిచే బస్సు ఎన్నిచోట్ల ఆగాలో, ఆగినచోట శుభ్రమైన మరుగుదొడ్డి, బిడ్డను పడుకోబెట్టే బల్ల, తాళం పడే తలుపు ఉన్నాయో లేదో ఎవరు చూడాలి? ప్రైవేటు బస్సులు తమకు కమీషనిచ్చే ధాబా దగ్గర ఆపుతాయి. ఆ చోటును ఎంచుకోవడంలో బాలింత లెక్కకు రాదు.

ముందు మన గుమ్మం

ఇన్ని డిమాండ్లు ప్రభుత్వాన్నీ యజమానులనూ అడిగే ముందు మన గుమ్మం చూసుకుందాం. స్వచ్ఛంద సంస్థల్లో క్షేత్రస్థాయిలో పనిచేసే స్త్రీలలో ఎంతమందికి ప్రసూతి సెలవు రాతపూర్వకంగా ఉంది? ప్రాజెక్టు గడువు మార్చిలో ముగుస్తుంది, నివేదిక ఇవ్వాలి అన్నప్పుడు మనం కూడా యజమానులమే. శిక్షణ ఉంది, రాకపోతే నీ స్థానంలో ఇంకొకరిని పంపుతాం అన్నప్పుడు "నీ ఇష్టం" అని కూడా అంటాం. ఆ ఇష్టంలో ఎంత ఇష్టం ఉందో మా కార్యకర్త నోట విన్నాం.

అలాగని బాలింతలను సమావేశాలకు పిలవొద్దనడం నా ఉద్దేశం కాదు. అది ఇంకో అన్యాయం. బిడ్డ ఉంది కదా ఇంట్లో ఉండు అని చెప్పే గొంతులు ఇప్పటికే చాలా ఉన్నాయి, మనం ఇంకొకటి కలపనక్కర్లేదు. రావాలనుకునే ఆమె రాగలగాలి, రాలేనన్న ఆమె పని, పేరు, స్థానం పోకూడదు. ఈ రెండూ ఒకే హక్కుకు రెండు వైపులు.

అందుకు పెద్ద నిధులు అక్కర్లేదు. ఆరు వారాల లోపు ప్రయాణం పనిలో భాగం కాదని రాసుకుందాం. ఆ తర్వాత ఏడాది దాకా బిడ్డతో వచ్చే ఆమెకు, తోడు వచ్చే మనిషికి కూడా పగటి ప్రయాణానికి, లేదా రైల్లో పడుకునే బెర్తుకు ఛార్జీలు ఇద్దాం. దారి ఎక్కువైతే మధ్యలో ఒక రాత్రి ఆగే ఖర్చు పెట్టుకుందాం. సమావేశం జరిగేచోట పిల్లలగది ఉండాలి, అందులో ఉండే ఆయాకు కూలి ఇవ్వాలి. వీలైతే సమావేశాన్నే ఆమె జిల్లాకు తీసుకెళ్దాం. నిధులిచ్చేవాళ్ళు ఈ ఖర్చేమిటని అడిగితే, సమాధానం చెప్పాల్సింది మనం.

ప్రభుత్వాన్ని అడగవలసినవీ స్పష్టంగా ఉండాలి. 102 సేవ కాన్పు రోజుతో ఆగకుండా, ఆరు వారాలలోపు బాలింత ఊరు మారవలసి వస్తే రైల్వేస్టేషనుదాకా, బస్టాండుదాకా అందాలి. ప్రతి ఆర్టీసీ బస్సులో పసిబిడ్డ తల్లికి ముందువైపు సీటు కచ్చితంగా ఉండాలి. దూరప్రాంత బస్సుల్లో, ప్రైవేటువైనా సరే, ఆగే చోట్లను మరుగుదొడ్డి చూసి నిర్ణయించాలి. బట్టీ యజమాని, మేస్త్రీ కలిసి బాలింతకు ఆరువారాలు చోటూ తిండీ ఇచ్చి, ఆ తర్వాతే క్షేమంగా ఇల్లు చేర్చాలి. తల్లీబిడ్డల కార్డు ఏ ఊళ్ళో చూపించినా అక్కడి ఆశా కార్యకర్త ఆ ఇంటికి రావాలి. బిడ్డను పెద్దాసుపత్రికి పంపినప్పుడు తల్లి కూడా అదే బండిలో వెళ్ళాలి, అక్కడ ఆమెకూ మంచం ఉండాలి.

కుటుంబాల్ని అడగవలసింది ఒక్కటే. రోజు పెట్టేముందు ఆమెను అడగండి.

ఆ సమావేశం ముగిసిన రాత్రి మేం తలా కొంత వేసుకుని మా కార్యకర్తకు మర్నాటి పగటి రైలుకు టికెట్టు కొన్నాం. విజయనగరం వెళ్ళే ఇంకో కార్యకర్త ఆమెతోపాటు వెళ్ళింది. ఇద్దరూ పాపను మార్చుకుని ఎత్తుకుంటూ వెళ్ళారట. దారిలో కడుపునిండా మంచినీళ్ళు తాగానని ఇల్లు చేరాక ఫోన్ చేసి చెప్పింది. అయితే అది తలా కొంత వేసుకుని మేం చేసిన ఏర్పాటు. అది హక్కు కాదు. వచ్చే సమావేశం నోటీసు రాసేటప్పుడు, ఎజెండాకంటే ముందు ఎవరెవరు ఎలా వస్తారో రాసుకుందాం.